సర్ రొనాల్డ్ రాస్: దోమ రహస్యం నుంచి అంటువ్యాధుల లెక్క వరకు

ప్రత్యేక వ్యాసం
(ఆగస్టు 20, ప్రపంచ దోమల దినోత్సవం సందర్భంగా)

హైదరాబాద్: మలేరియా వ్యాధికి, దోమకు గల సంబంధాన్ని సికింద్రాబాద్‌లో కనుగొన్న శాస్త్రవేత్తగా సర్ రొనాల్డ్ రాస్ పేరు తెలుగువారందరికీ సుపరిచితమే. బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో 1897 ఆగస్టు 20న ఆయన సాధించిన విజయానికి గుర్తుగా ఏటా ఆ తేదీన ప్రపంచ దోమల దినోత్సవం జరుపుకుంటున్నారు. అయితే ఆయన జీవితంలో రెండవ భాగం మన పాఠ్యపుస్తకాలలో అంతగా చోటు చేసుకోలేదు. ఒక అంటువ్యాధి జనంలో ఏ వేగంతో వ్యాపిస్తుంది, దానిని అరికట్టడానికి ఎంత ప్రయత్నం సరిపోతుంది అనే ప్రశ్నలకు గణితశాస్త్రం ద్వారా సమాధానం వెదకిన తొలితరం శాస్త్రవేత్తలలో ఆయన అగ్రగణ్యులు. 2020లో కోవిడ్ మహమ్మారి ప్రపంచాన్ని కుదిపివేసిన తరువాత, రాబోయే ఆరోగ్య విపత్తులకు ముందుగానే సన్నద్ధం కావడానికి అంటువ్యాధుల గణిత నమూనాలను బలోపేతం చేసుకోవాలన్న ఆలోచన అన్ని దేశాలలోనూ ప్రాధాన్యం సంతరించుకున్నది. ఈ నేపథ్యంలో రాస్ జీవితాన్ని ఆ కోణం నుంచి పరిశీలించడం సముచితం.

బాల్యం, విద్యాభ్యాసం

రొనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ పర్వత పాదాలలోని ఆల్మోరా పట్టణంలో జన్మించారు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉన్నతాధికారి. ఎనిమిదేళ్ల వయసులో చదువు నిమిత్తం ఆయనను ఇంగ్లాండుకు పంపించారు. బాల్యం నుంచి ఆయనకు కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, గణితం అభిమాన విషయాలు. వైద్యవృత్తిపై ఆసక్తి లేకపోయినా తండ్రి అభీష్టం మేరకు 1874లో లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ వైద్య కళాశాలలో చేరారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసుకు ఎంపికై మద్రాసు ప్రెసిడెన్సీలో సైనిక వైద్యునిగా ఉద్యోగ జీవితం ప్రారంభించారు.

ఆ రోజులలో సైనిక వైద్యులకు తీరిక సమయం ఎక్కువగా లభించేది. రాస్ ఆ సమయాన్ని రచనా వ్యాసంగానికి, గణిత గ్రంథాల పఠనానికి వినియోగించుకున్నారు. గురువు లేకుండానే ఉన్నత గణితాన్ని స్వయంకృషితో అభ్యసించారు. కాలక్షేపానికి నేర్చుకున్న ఆ విద్యే పాతికేళ్ల తరువాత ప్రజారోగ్య శాస్త్రానికి ఒక కొత్త దారి చూపించింది.

1883లో బెంగుళూరులో పనిచేస్తున్నప్పుడు తన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండటం ఆయన గమనించారు. కిటికీ పక్కన ఉన్న నీటి తొట్టిలో దోమ పిల్లలు పెరుగుతున్నాయని గుర్తించి ఆ నీటిని పారబోయించారు. దోమలు బాగా తగ్గిపోయాయి. సైనికాధికారుల భోజనశాల వద్ద కూడా ఈ పద్ధతిని పాటిద్దామని ఆయన సూచించగా సంబంధిత అధికారి అంగీకరించలేదు. కారణం కళ్లెదుట కనిపిస్తున్నా అమలుకు ఒప్పించడం ఎంత కష్టమో ఆయనకు అనుభవంలోకి రావడం అదే మొదటిసారి.

సికింద్రాబాద్‌లో పరిశోధనలు

మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని శతాబ్దాల పాటు ప్రజలు నమ్మేవారు. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. 1894లో సెలవుపై లండన్ వెళ్లిన రాస్‌కు ప్రముఖ వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్ ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపించారు. దోమలకు ఈ వ్యాధితో సంబంధం ఉండవచ్చునన్న తన అభిప్రాయాన్ని కూడా వివరించారు. ఆ విషయం తేల్చాలన్న సంకల్పంతో రాస్ 1895లో భారతదేశానికి తిరిగివచ్చి సికింద్రాబాద్‌లో పరిశోధనలు ప్రారంభించారు.

ఆ పరిశోధనలకు ప్రత్యేక ప్రయోగశాల గానీ, నిధులు గానీ లేవు. మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున చెల్లించేవారు. ఆ దోమలను కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించేవారు. గాలికి దోమలు కొట్టుకుపోతాయని పంకాను కూడా వాడేవారు కాదు. ఆయన నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. దాదాపు రెండేళ్ల పాటు ఆయన పరిశీలించిన దోమలన్నీ మలేరియాను వ్యాపింపజేయని జాతులవే కావడంతో ఫలితం దక్కలేదు. ఈ మధ్యలో కలరా నివారణ విధులపై బెంగుళూరు వెళ్లవలసి వచ్చింది. ఊటీ పరిసరాలలో ఆయన స్వయంగా మలేరియా బారిన పడ్డారు.

1897 ఆగస్టు మాసంలో సహాయకులు తెచ్చిన పిల్లల నుంచి రెక్కలపై మచ్చలున్న ఒక కొత్త రకం దోమలు వెలువడ్డాయి. అవి అనాఫిలిస్ జాతికి చెందినవి. ఆగస్టు 16న వాటిని హుస్సేన్ ఖాన్‌పై వదిలారు. ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమలలో ఒకదానిని కోసి చూడగా, దాని జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవికే ప్రత్యేకమైన నల్లని రేణువులతో కూడిన గుండ్రని కణాలు కనిపించాయి. మరునాడు మరొక దోమలోనూ అవే కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. ఈ ఫలితం అదే ఏడాది డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైంది.

పరిశోధన ఈ దశలో ఉండగానే, సెప్టెంబరులో ఆయనను మలేరియా అంతగా లేని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. మాన్సన్ ప్రయత్నాల ఫలితంగా 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో ప్రత్యేక విధులపై పరిశోధన కొనసాగించే అవకాశం లభించింది. అక్కడ ప్లేగు భయం కారణంగా మనుషులపై ప్రయోగాలు సాధ్యం కాకపోవడంతో పక్షుల మలేరియాను ఎంచుకున్నారు. ఆ ఏడాది జులైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరడాన్ని, కాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పక్షికి సంక్రమించడాన్ని నిరూపించారు. ఈ కృషిలో ఆయనకు కిశోరీ మోహన్ బందోపాధ్యాయ సహకరించారు. అదే సంవత్సరం ఇటలీలో గ్రాస్సీ బృందం మనుషుల విషయంలోనూ ఈ సత్యాన్ని నిర్ధారించింది. 1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ బహుమతి పొందిన తొలి బ్రిటిష్ పౌరుడు ఆయనే.

మియాన్ మీర్ నేర్పిన పాఠం

1899లో రాస్ ఉద్యోగ విరమణ చేసి లివర్‌పూల్‌లో కొత్తగా నెలకొన్న ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరారు. దోమలను తగ్గిస్తే మలేరియా తగ్గుతుందన్నది ఆయన దృఢ విశ్వాసం. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో, సూయెజ్ కాలువ తీరాన ఇస్మాయిలియాలో ఈ దిశగా కృషి జరిగింది. అయితే లాహోరు సమీపంలోని మియాన్ మీర్ కంటోన్మెంటులో 1901 తరువాత చేపట్టిన దోమల నిర్మూలన ప్రయోగం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. గుంటలు పూడ్చినా, కాలువలు శుభ్రపరచినా దోమలు మళ్లీ వచ్చాయి. దోమల నిర్మూలన ఆచరణ సాధ్యం కాదని పలువురు అధికారులు నిర్ణయానికి వచ్చారు.

రాస్ ఈ నిర్ణయంతో ఏకీభవించలేదు. ప్రయోగం జరిపిన ప్రాంతం చిన్నదని, చుట్టుపక్కల నుంచి ఎగిరివచ్చే దోమల సంఖ్యను లెక్కలోకి తీసుకోలేదని ఆయన వాదించారు. ఎంత విస్తీర్ణంలో దోమలను నిర్మూలిస్తే మధ్య భాగంలోని జనావాసానికి రక్షణ లభిస్తుంది అన్నది అసలు ప్రశ్న. ఇది వాదోపవాదాలతో తేలేది కాదని, లెక్క వేసి తేల్చవలసినదని ఆయన గ్రహించారు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో, దిశ లేకుండా తిరిగే దోమలు పుట్టినచోటు నుంచి ఎంత దూరం వ్యాపిస్తాయన్న విషయాన్ని గణిత సమస్యగా సమర్పించారు. ఒక ప్రజారోగ్య కార్యక్రమం విఫలమైనప్పుడు దాని వెనుక ఉన్న సిద్ధాంతం తప్పా, లేక వేసిన అంచనా తప్పా అని వేరుచేసి చూడటం ఆయన ప్రత్యేకత.

మారిషస్ సమీకరణం

1907లో బ్రిటిష్ వలసల కార్యాలయం కోరికపై రాస్ మారిషస్ ద్వీపానికి వెళ్లారు. 1867 ప్రాంతంలో మలేరియా ఆ ద్వీపాన్ని అతలాకుతలం చేసింది. చెరకు తోటలలో పని చేయడానికి భారతదేశం నుంచి తరలివెళ్లిన కూలీలు అక్కడి జనాభాలో అధిక సంఖ్యాకులు. కోరంగి వంటి రేవుల నుంచి ఓడలెక్కిన తెలుగువారి సంతతి కూడా వారిలో ఉన్నది. సుమారు మూడు నెలల పాటు అక్కడ ఉన్న రాస్, పిల్లలలో ప్లీహం వాపును, అంటే మన పల్లెలలో కడుపులో బల్ల అని చెప్పుకునే లక్షణాన్ని ఊరూరా లెక్క కట్టించారు. రక్తపరీక్ష సౌకర్యాలు లేనిచోట మలేరియా తీవ్రతను అంచనా వేయడానికి ఇది చౌకైన, నమ్మదగిన పద్ధతి.

1908లో సమర్పించిన నివేదికలో ఆయన ఒక గణిత తర్కాన్ని పొందుపరిచారు. దానిని ఒక ఊహా గ్రామంతో వివరించవచ్చును. గ్రామంలో వెయ్యి మంది ఉన్నారని, వారిలో ఒక్కరి రక్తంలో మాత్రమే వ్యాధిని సంక్రమింపజేసే పరాన్నజీవులు ఉన్నాయని అనుకుందాము. నెలకు మనిషి ఒక్కింటికి 48 అనాఫిలిస్ దోమలు ఉన్నాయని, వాటిలో నాలుగవ వంతు మాత్రమే మనిషిని కుట్టగలవని భావిస్తే, రోగిని కుట్టే దోమలు 12. పరాన్నజీవి దోమ శరీరంలో పక్వానికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతవరకు మూడవ వంతు దోమలే జీవిస్తాయనుకుంటే మిగిలేవి 4. వాటిలో మళ్లీ నాలుగవ వంతుకే మరొకరిని కుట్టే అవకాశం దొరికితే, కొత్తగా వ్యాధి సోకేది ఒక్కరికి. ఆ నెలలోనే మొదటి రోగి కోలుకుంటే గ్రామంలో రోగుల సంఖ్య పెరగదు, తరగదు. దోమలు 48 కంటే తగ్గితే వ్యాధి క్రమంగా క్షీణిస్తుంది. ఆ సంఖ్య దాటితే వ్యాధి పెరుగుతుంది.

ఈ సాధారణ లెక్కలో ఒక అసాధారణమైన సత్యం ఇమిడి ఉన్నది. మలేరియాను తొలగించడానికి చిట్టచివరి దోమ వరకు చంపవలసిన అవసరం లేదు. వాటి సంఖ్యను ఒక నిర్ణీత స్థాయి కంటే కిందికి తెస్తే చాలును. మియాన్ మీర్‌లో దోమలు కనిపించాయి గనుక ప్రయత్నం వృథా అన్నవారికి ఇది శాస్త్రీయమైన సమాధానం. 1911లో తన మలేరియా నివారణ గ్రంథం రెండవ ముద్రణలో ఈ తర్కాన్ని మరింత కట్టుదిట్టమైన సమీకరణాలుగా విస్తరించారు. అదే సంవత్సరం ఆయనకు సర్ బిరుదు లభించింది.

కారణం నుంచి గణాంకం వైపు

రాస్‌కు పూర్వం కూడా అంటువ్యాధుల లెక్కలు ఉన్నాయి. ఇంగ్లాండుకు చెందిన విలియం ఫార్ 19వ శతాబ్దంలో మశూచి మరణాల సంఖ్య పెరిగి తరిగే తీరును పరిశీలించి, దానికి సరిపోయే వక్రరేఖను సూచించారు. అది జరిగిన దానిని బట్టి జరగబోయేదానిని ఊహించే పద్ధతి. రాస్ ఇందుకు భిన్నమైన మార్గాన్ని అనుసరించారు. వ్యాధి ఎలా సోకుతుంది, ఎంతకాలం ఉంటుంది, ఎందరు కోలుకుంటారు అనే కారణాల నుంచి మొదలుపెట్టి, వాటి ఫలితంగా గణాంకాలు ఎలా ఉండాలో లెక్కించారు. అందువల్ల ఒక చర్య చేపడితే ఏమవుతుంది, చేపట్టకపోతే ఏమవుతుంది అని పోల్చి చూడటం సాధ్యమైంది. పాలనాధికారికి అవసరమైనది ఈ పోలికే.

1916, 1917 సంవత్సరాలలో గణితవేత్త హిల్డా హడ్సన్ సహకారంతో ఈ సిద్ధాంతాన్ని మలేరియాకే పరిమితం చేయక అన్ని అంటువ్యాధులకు వర్తించేలా రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న ఆ కాలంలో ఈ పత్రాలు పెద్దగా ఎవరి దృష్టినీ ఆకర్షించలేదు. అయితే రాస్ ప్రభావానికి లోనైన ఒక యువ సైనిక వైద్యుడు ఈ దీపాన్ని ఆరిపోనివ్వలేదు. 1901లో రాస్ వెంట సియెర్రా లియోన్ వెళ్లిన ఆండర్సన్ మెక్‌కెండ్రిక్, తరువాత ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి కసౌలీలోని పాశ్చర్ సంస్థలో పనిచేశారు. అనారోగ్యం వల్ల స్వదేశం చేరిన ఆయన, ప్రయోగశాల ప్రమాదంలో చూపు కోల్పోయిన రసాయన శాస్త్రవేత్త విలియం కెర్మాక్‌తో కలసి 1927లో ప్రచురించిన పత్రం నేటి అంటువ్యాధుల నమూనాలకు పునాది అయింది. జనాభాను వ్యాధి సోకే అవకాశం ఉన్నవారు, సోకినవారు, కోలుకున్నవారు లేక మరణించినవారు అని విభజించి లెక్కించే విధానం అందులోనిదే. తమ సిద్ధాంతాన్ని సరిచూసుకోవడానికి వారు ఎంచుకున్నది 1905 డిసెంబరు నుంచి 1906 జులై వరకు బొంబాయిలో వారంవారం నమోదైన ప్లేగు మరణాల పట్టికను. ఆనాడు బొంబాయిలో చిరుద్యోగులు నమోదు చేసిన అంకెలు లేకపోతే ఆ సరిచూపు సాధ్యమయ్యేది కాదు.

చివరి సంవత్సరాలు

రాస్ స్వభావరీత్యా ముక్కుసూటి మనిషి. తన ఆవిష్కరణ విషయంలో గ్రాస్సీతో సుదీర్ఘ వివాదం నడిపారు. తనకు దారిచూపిన మాన్సన్‌తోనూ విభేదించారు. తన సూచనలను ప్రభుత్వాలు అమలు చేయలేదన్న ఆవేదన ఆయనను జీవితాంతం వెన్నాడింది. 1926లో లండన్ సమీపంలోని పట్నీలో ఆయన పేరిట పరిశోధనా సంస్థ, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. 1927లో కలకత్తాను సందర్శించి తన పరిశోధనకు గుర్తుగా నిర్మించిన స్మారకాన్ని ఆవిష్కరించారు. 1932 సెప్టెంబరు 16న తుదిశ్వాస విడిచారు.

ఆయన పేరిట వెలసిన సంస్థలో పనిచేసిన జార్జ్ మెక్‌డొనాల్డ్ 1950వ దశకంలో రాస్ సమీకరణాలను మెరుగుపరిచారు. పెరిగిన దోమ ఆయుర్దాయాన్ని తగ్గిస్తే మలేరియా వ్యాప్తి అన్నిటికంటే ఎక్కువగా పడిపోతుందని ఆ లెక్కలు తెలిపాయి. ఇళ్ల గోడలపై డీడీటీ చల్లే పద్ధతికి ఇది శాస్త్రీయ బలం చేకూర్చింది. 1953లో మన దేశం జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు ఏటా 7.5 కోట్ల మంది ఈ వ్యాధి బారిన పడుతున్నారని అంచనా. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు తగ్గాయి. అయితే దోమలలో, పరాన్నజీవిలో మందులను తట్టుకునే శక్తి పెరగడం, నిఘా సడలడం వంటి కారణాల వల్ల 1976లో ఆ సంఖ్య 64 లక్షలు దాటింది. వ్యాధి తగ్గినప్పుడు లెక్కించడం మానరాదన్న హెచ్చరిక ఈ అంకెలలో ఉన్నది.

నేటి అవసరం

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఒక రోగి నుంచి సగటున ఎందరికి వ్యాధి సోకుతుంది అన్న సంఖ్య దినపత్రికలలో నిత్యం కనిపించింది. ఆ భావనకు మూలం రాస్ ఊహా గ్రామం వంటి లెక్కలే. మన దేశంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఆ ఏడాది నియమించిన నమూనాల కమిటీకి హైదరాబాద్ ఐఐటీ ఆచార్యులు ఎం. విద్యాసాగర్ నేతృత్వం వహించారు. 2021లో వచ్చిన రెండవ ఉధృతి తీవ్రత ముందస్తు అంచనాలను మించిపోయింది. వైరస్ రూపాంతరం చెంది వ్యాప్తి వేగం మారినప్పుడు, పాత అంకెలపై ఆధారపడిన నమూనా వెనుకబడుతుందని ఆ అనుభవం తెలియజేసింది. ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో బెర్లిన్‌లో ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కూడా అంచనాల కోసం ఒక విభాగాన్ని ఏర్పాటు చేసుకున్నది. మన దేశంలో 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2021 నుంచి విస్తృత ఆన్‌లైన్ వేదికకు మారింది.

రాస్ జీవితం నుంచి ఈ రంగంలో గ్రహించవలసిన అంశాలు మూడు ఉన్నాయి. మొదటిది, గణిత నమూనా బలం దానికి అందే సమాచారంపై ఆధారపడి ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమోదయ్యే జ్వరం కేసు, గ్రామంలో నమోదయ్యే మరణం సకాలంలో, సక్రమంగా చేరకపోతే ఎంతటి కంప్యూటరైనా సరైన అంచనా ఇవ్వలేదు. రెండవది, లెక్క తెలిసినవారు, వ్యాధి తెలిసినవారు విపత్తుకు ముందే కలసి పనిచేయాలి. రాస్ ఒక్కరిలోనే ఈ రెండు విద్యలు కలవడం అదృష్టం. ప్రతిసారీ అటువంటి అదృష్టంపై ఆధారపడలేము. మూడవది, నమూనా చెప్పేది జోస్యం కాదు. ఫలానా పరిస్థితి కొనసాగితే ఫలానా ఫలితం రావచ్చునన్న షరతుతో కూడిన అంచనా అది. ఆ షరతును, హెచ్చుతగ్గుల పరిధిని కూడా ప్రజలకు తెలియజేయవలసిన బాధ్యత అధికారులపైనా, పాత్రికేయులపైనా ఉన్నది.

భాగ్యనగర వాసులు కోరంటి దవాఖానాగా పిలుచుకునే నల్లకుంట జ్వరాల ఆసుపత్రి రాస్ పేరునే ధరించి ఉన్నది. బేగంపేటలో ఆయన పరిశోధనలు జరిపిన భవనం నేటికీ చారిత్రక కట్టడంగా నిలిచి ఉన్నది. ఆ భవనంలో దోమను కోసి చూసిన శాస్త్రవేత్తను ఏటా స్మరించుకుంటున్నాము. మారిషస్‌లో పిల్లల కడుపు తడిమి ఊరూరా లెక్క రాయించిన రాస్‌ను కూడా గుర్తుంచుకుని, వ్యాధి లేని రోజులలోనూ ఆ లెక్కను శ్రద్ధగా రాసుకోవడమే ఆయనకు అర్పించగల సరైన నివాళి.